చింతపల్లి చలిలో పురుడు

మొన్న ఉదయం పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగుతుంటే మూడో అంతస్తు కుర్రాడు లిఫ్టులోకి వచ్చాడు. ఛాతీకి బట్ట సంచీలాంటిది కట్టుకున్నాడు. అందులో నెలైనా నిండని పిల్ల తండ్రి చొక్కాకి చెంప ఆనించి నిద్రపోతోంది. అతను ఫోనులో ఆఫీసు గొడవేదో మాట్లాడుతూ, మధ్యలో నన్ను చూసి "నమస్తే ఆంటీ" అన్నాడు. నా చూపంతా ఆ పిల్ల వీపు మీదే ఉంది, కదులుతోందా లేదా అని. కదులుతూనే ఉంది. అయినా అక్కడ నిలబడలేకపోయాను. పాలు తీసుకోకుండానే పైకి వచ్చేశాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తి "ఏమైంది?" అన్నారు. "ఏం లేదు, చింతపల్లి గుర్తొచ్చింది" అన్నాను. పేపరు మడిచి, చెప్పులేసుకుని, పాలు తేవడానికి ఆయనే వెళ్లారు.

తొంభైల చివర్లో మా ఆయనకు చింతపల్లి దగ్గర కాఫీ తోటల్లో ఉద్యోగం. అనకాపల్లిలో బెల్లం వాసన మధ్య పెరిగినదాన్ని, పెళ్లయిన కొత్తలోనే ఆ కొండల మీదికి చేరాను. క్వార్టర్సు అంటే రేకుల కప్పున్న రెండు గదులు. శీతాకాలం వచ్చిందంటే తెల్లారినా తెల్లారినట్టు ఉండేది కాదు. మంచు కిటికీ దాకా వచ్చి నిలబడేది. కొబ్బరి నూనె సీసాలో రాయైపోయేది. పాలు ఓ పట్టాన తోడుకునేవి కావు, పెరుగు గిన్నెకు దుప్పటి చుట్టి చంటిపిల్లలా పొయ్యి పక్కన పడుకోబెట్టేదాన్ని. అది కాఫీ పళ్లు కోసే కాలం కూడా కావడంతో, నానిన తొక్కల పుల్లటి వాసన గాలినిండా ఉండేది. మొదట్లో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆదివారాలు పని ఆగి ఆ వాసన తగ్గితే ఏదో లోటుగా అనిపించేది.

నాకు ఎనిమిదో నెల రాగానే మా అత్తగారు దిగారు. నెల తిరిగేదాకా తోడుండి, నన్ను మా అమ్మకు అప్పజెప్పడం ఆవిడ వచ్చిన పని. ఆవిడది బొబ్బిలి అవతల పల్లె. పొడుగ్గా, ఎండుగా, పొలంగట్టు మీంచి పిలిస్తే అవతలి చేలో ఎద్దులు కూడా తిరిగి చూసేంత గొంతుతో ఉండేవారు. జీపు దిగుతూనే తల చుట్టూ శాలువా బిగించి, "ఏటే అమ్మాయ్, ఇది ఊరా, ఐసు గడ్డా? ఈ కొండ మీద మనుసులెలాగ బతుకుతన్నారే?" అన్నారు. కొండ మీద మనుషులు బాగానే బతుకుతున్నారని త్వరలోనే ఆవిడకి తెలిసొచ్చింది. కాఫీ పళ్లు కోసే ఆడవాళ్లతో కుళాయి దగ్గర తగువు మొదలుపెట్టి, దాన్ని స్నేహంలోకి దింపి, వాళ్ల పెరళ్లలో కాసిన గుమ్మడికాయలూ రాజ్మా గింజలూ కొంగున కట్టుకుని తెచ్చేవారు. వాళ్ల కొండభాష ఈవిడకి రాదు, ఈవిడ మాట వాళ్లకి సగమే తెలుస్తుంది. అయినా గంటల తరబడి మాట్లాడుకునేవారు.

ఇంత మాటకారి ఆవిడ ఒక్క విషయం మాత్రం ఎత్తేవారు కాదు. పుట్టబోయే బిడ్డ గురించి. ఆడపిల్లా మగపిల్లాడా అని ఊహించడం లేదు, నా పొట్ట మీద చెయ్యి వేసి చూడటం లేదు. పాత చీరలు ఉతికి మడతపెట్టి తెచ్చారు, ఆముదం సీసా తెచ్చారు, వాటిని పెట్టెలోంచి పైకి తియ్యలేదు. మా ఆయన ఆవిడకి ఒక్కడే సంతానం. ముందు పుట్టినవాళ్లు పోయారని పెళ్లిలో ఎవరో గొణగగా విన్నాను గాని, ఆ ఇంట్లో ఆ మాట అనేవారే లేరు. నేనూ అడగలేదు.

ఒకరోజు పొద్దున్నే బియ్యం కడుగుతుంటే నడుములో ఎవరో తాడు బిగించి లాగినట్టయింది. కాసేపాగి మళ్లీ. గోడ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి అత్తగారు చేతిలో చాట కింద పెట్టారు. ఏడో నెల పిల్లయినా బతుకుతుందిగాని ఎనిమిదో నెల పిల్ల దక్కదని మావైపు ఒక నమ్మకం. ఆ మాట ఆవిడ అనలేదు, నేనూ అనలేదు. తోట జీపులోంచి కాఫీ పళ్ల గోనెలు దింపించి మా ఆయన నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. దారి పొడుగునా అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు గాని నా ముఖం చూడలేదు. ఆ అనని మాట మా ఇద్దరి మధ్యా మూడో మనిషిలా కూర్చుని ఉంది.

ఆసుపత్రి చాలా చిన్నది. ఇప్పుడది లేదు. ఒక డాక్టరమ్మ, బహుశా అదే ఆవిడ మొదటి ఉద్యోగం. ఒక నర్సమ్మ, ఆ కొండల్లోనే ఏదో పల్లెలో పుట్టిన మనిషి, లావుగా, నింపాదిగా ఉండేది. మధ్యాహ్నానికల్లా పిల్ల పుట్టింది. పుట్టింది గాని ఏడవలేదు. ఆ నిశ్శబ్దం గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. నర్సమ్మ పొడిబట్టతో తుడుస్తున్న చప్పుడు, వీపు మీద రాస్తున్న చప్పుడు, బయటెక్కడో కోడి అరుపు వినబడుతున్నాయి. నాకు కావలసిన చప్పుడు ఒక్కటే రావడం లేదు. డాక్టరమ్మ ఏదో గొట్టం అడిగింది. "ఏడవదేం, ఏడవదేం" అని నేను అంటున్నానట, నాకు తెలియదు. చివరికి ఒక మూలుగు. పిల్లికూన గొంతులాంటిది. "ఆడగుంట అమ్మా" అంది నర్సమ్మ.

చూపిస్తే భయపడ్డాను. తల్లి అలా అనకూడదేమోగాని నిజం. కిలోన్నర కూడా లేదు. పొట్ట మీద చర్మంలోంచి నరాలు నీలంగా కనబడుతున్నాయి. భుజాల మీద సన్నటి నూగు. ఏ టోపీ దాని తలకు సరిపోకపోతే నర్సమ్మ మా ఆయన కాలి మేజోడు విప్పించి, కొత్తదేనా అని అడిగి, ఉతికిందేనని ఆయన ప్రమాణం చేశాక కత్తిరించి, దాన్నే టోపీగా తొడిగింది. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. తర్వాత పిల్లను బల్బు వెలిగే ఒక చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. "లోపలికి వచ్చి మనవరాల్ని చూడండమ్మా" అని డాక్టరమ్మ పిలిస్తే మా అత్తగారు రాలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని, మాకు వీపు పెట్టి, ఎదురుగా కొండను చూస్తూ నిలబడ్డారు. ఆడపిల్ల అని కాబోలు అనుకున్నాను. పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగాను.

మర్నాడు ఈదురుగాలికి ఎక్కడో కరెంటు స్తంభాలు పడిపోయాయి. పెట్టెలో బల్బు ఆరిపోయింది. డాక్టరమ్మ వచ్చి పిల్ల పాదాలు తాకి చూసింది, నా చేత కూడా తాకించింది. చలికాలం కుళాయినీళ్లలో చెయ్యి పెట్టినట్టుంది. "ఇంత చిన్న పిల్లలకి వేడి నిలవదు. చల్లబడితే పాలు తాగరు, పాలు తాగకపోతే ఇంకా చల్లబడతారు. విశాఖపట్నం పంపుదామంటే ఈ చలిలో ఘాటు రోడ్డు దిగేలోపే..." అని ఆగిపోయింది. తర్వాత నా రవిక విప్పించి, పిల్ల బట్టలు తీసేసి, టోపీ మాత్రం ఉంచి, కప్పపిల్లను అతికించినట్టు నా రొమ్ముల మధ్య పడుకోబెట్టి మెత్తటి చీరతో నా చుట్టూ కట్టింది. పైన దుప్పటి. "ఇదే దీనికి పెట్టె. కరెంటు అక్కర్లేదు" అంది. సాయంత్రానికి ఆ పాదాలు నా చర్మం మీద గోరువెచ్చగా తగిలాయి. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోస్తే మింగింది.

అక్కడితో గట్టెక్కామనుకున్నాను. ఆ మర్నాడు సంత రోజు. తెల్లారేసరికి నాకు జ్వరం. మామూలు జ్వరం కాదు, మంచం కాళ్లు టకటకలాడేలా వణుకు. పిల్ల నా మీద ఎగిరెగిరి పడుతోంది. కరెంటు ఇంకా రాలేదు, నాకు కావలసిన మందూ ఆసుపత్రిలో అయిపోయింది. మా ఆయన నర్సీపట్నం బయల్దేరారు. లంబసింగి దగ్గర మంచులో జీపులు నత్తల్లా పాకుతున్నాయని ఎవరో చెబుతున్నా వినకుండా పరిగెత్తారు. నర్సమ్మ పిల్లను తీసి కాసేపు తన ఒళ్లో పెట్టుకుంది గాని, సంతకు వచ్చినవాళ్లంతా వరండాలో బారులు తీరి ఉన్నారు. మధ్యలో ఎవరికో కాన్పు నొప్పులు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, మీరు కట్టుకోవాలి. ఇంకెవరూ లేరు."

"నానా?" అత్తగారు రెండడుగులు వెనక్కి వేశారు. "నాను కాదమ్మా. నా ఒడి మంచిది కాదు. నా ఒళ్లోనే ముగ్గురు పోనారు. ముగ్గురూ పురిట్లోనే. నాను ముట్టుకుంతే ఇదీ పోతాది. నాను దీని మొకం కూడా సూడనేదు, అందుకే సూడనేదు."

వణుకుతూనే నేను తల తిప్పి ఆవిడని చూశాను. అంత గొంతున్న మనిషి గుసగుసలాడుతున్నారు.

నర్సమ్మ పిల్లను ఎత్తుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, గుంట సల్లబడిపోతంది. నువ్వే సూడు" అని ఆవిడ చెయ్యి పట్టుకుని పిల్ల పాదం మీద పెట్టింది. అత్తగారు నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నారు. లాక్కుని, మళ్లీ మెల్లగా తనే పెట్టారు.

"ఓలమ్మ... అచ్చం ఆళ్లకి మల్లే ఉంది. ఆళ్లూ ఇలాగే సల్లబడిపోనారు."

లోపలికి వచ్చి నా మంచం పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. నర్సమ్మ రవిక విప్పమంటే మాత్రం "ఈ వొయసులో నలుగురి మజ్జినా?" అని ఒకసారి బిత్తరగా చుట్టూ చూశారు. నర్సమ్మ కిటికీ నుంచి తలుపుదాకా ఓ దుప్పటి అడ్డం కట్టింది. పిల్లను ఆవిడ గుండెల మీద పెట్టి కట్టాక, ఊపిరి ఆగినట్టు అనిపిస్తే ఏం చెయ్యాలో చూపించింది. వీపు రాయడం, అరికాలి మీద వేలితో చిటుక్కుమని కొట్టడం. "ఇలాంటి పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోడం మరిసిపోతారు పెద్దమ్మా" అంది.

ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. ఆ మాట విన్నాక నేను కళ్లు మూయలేకపోయాను. పక్క మంచం మీద దుప్పట్ల కింద వణుకుతూ, అత్తగారి చీర మడతల్లో ఆ చిన్న ఎత్తును చూస్తూ పడుకున్నాను. జ్వరానికి చూపు అలుక్కుపోతోంది. కదిలిందో లేదో తెలియదు. బయట సంత గోల, మేకల అరుపులు, ఎవరో పసుపు బేరమాడుతున్నారు. లోకం అంత మామూలుగా ఎలా ఉందా అనిపించింది.

అత్తగారు మాట్లాడటం మొదలుపెట్టారు. నాతో కాదు, పిల్లతో. ఊరుకుంటే ఎక్కడ జారిపోతుందోనని కాబోలు. తమ ఊళ్లో ఏ చెరుకు తోట ఎవరిదో, తమ గేదె ఎవరింటి పాదులు మేసి ఎవరి చేత తిట్టించిందో, తన తోడికోడలు నువ్వుండలు దాచుకుని చీమలపాలు ఎలా చేసిందో, అన్నీ చెప్పారు. నేను ఆ గొంతును తాడులా పట్టుకున్నాను. ఆవిడ మాట వినబడుతున్నంతసేపూ పిల్ల ఉన్నట్టు. మధ్యలో మంచినీళ్లు మింగడానికి ఆగినా నా గుండె జారేది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోకి వచ్చిన వేళ, తోడికోడలి కథ మధ్యలో, మాట సగంలో ఆగిపోయింది.

నేను లేవబోయాను. లేవలేకపోయాను. అత్తగారి ముఖంలో రక్తం లేదు. చీర లోపలికి చెయ్యి పోనిచ్చి వీపు రాస్తున్నారు. రాస్తున్నారు, రాస్తున్నారు. "ఓలమ్మో! నర్సమ్మో! బేగి రా, గుంట ఊపిరి ఆపీసినాది!" అని ఆసుపత్రి అదిరిపోయేలా అరిచారు. పిల్ల కాలు బయటికి లాగి అరికాలి మీద కొట్టారు. ఏమీ లేదు. నర్సమ్మ అడుగుల చప్పుడు వరండాలో దడదడమంటోంది. పిల్ల పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. మళ్లీ కొట్టారు. అప్పుడు తుమ్మబోయి ఆగినట్టు చిన్న వెక్కు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆ పిల్లికూన మూలుగు.

నర్సమ్మ దుప్పటి తోసుకుని వచ్చేసరికి అత్తగారు పిల్లను కేకలేస్తున్నారు. "ఏటే గుంటా, నాను సెప్తన్నది ఇనకుండా ఎక్కడికెల్లిపోతన్నావు? అంత నచ్చనేదేటి నా మాట? ఆఁ?" కళ్లలోంచి నీళ్లు ధారలుగా కారి పిల్ల మేజోడు టోపీ మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి ఆవిడకి ఖాళీ చెయ్యి లేదు.

డాక్టరమ్మ వచ్చి గుండె చప్పుడు విని, బాగానే ఉందంది. "పెట్టెలో పడుకోబెట్టి ఉంటే మాకు తెలిసేది కాదమ్మా. మీ ఒంటి మీద ఉంది కాబట్టి తెలిసింది" అంది. చీకటి పడకముందే మా ఆయన మందుతో వచ్చారు. నాకు జ్వరం తగ్గడానికి ఇంకా సమయం పట్టింది. ఆ సమయమంతా పిల్లను కిందికి దించకుండా తల్లీ కొడుకులిద్దరూ వంతులు వేసుకున్నారు. ఆయన వంతు వచ్చినప్పుడు బల్ల మీద బొమ్మలా బిగుసుకుపోయేవారు, తల తిప్పితే పిల్ల రాలిపోతుందన్నట్టు. పక్కనే కూర్చుని అత్తగారు "ఊపిరి నువ్వు కూడా ఆపీకురా" అని మందలించేవారు.

కొన్నాళ్ల తర్వాత, పిల్ల కాస్త బరువు పెరిగిందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పినప్పుడు, అత్తగారు ఉన్నట్టుండి అడిగారు. "అమ్మా, మా కాలంలో పిల్ల పుట్టగానే నేలమీద ఎట్టీసి, మాయ పడిందాకా సూసి, నీళ్లు పోసీవోరు. మంచు కాలమైనా సరే. నా పిల్లలు సల్లబడిపోతే గాలి సోకిందన్నారు, నా ఒడి మంచిది కాదన్నారు. అయితే గాలి సోకనేదేటి? సలేనా?"

"నేను చూడలేదు కదమ్మా, ఖాయంగా చెప్పలేను. చలే అయి ఉండొచ్చు. మీ ఒడి మాత్రం కాదు" అంది డాక్టరమ్మ. అత్తగారు తలూపి బయటికి వెళ్లారు. ఆసుపత్రి ఎదుట కాఫీ గింజలు ఆరబోసిన కళ్లం ఉండేది. దాని పక్కన ఎండలో, ఆ పూటంతా కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిలవడానికి ధైర్యం చాలలేదు. ముగ్గురు పిల్లల్నీ ఆవిడ అప్పుడే, అన్నేళ్ల తర్వాత, మళ్లీ ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటున్నట్టు ఉంది.

మాఘం దాటాక పిల్లతో కొండ దిగాం. పేరు పెట్టడానికి మా ఎవరికీ చాలాకాలం గుండె ఒప్పలేదు. 'గుంట' అనే పిలిచాం. ఆ తర్వాత ఏళ్లకేళ్లు దాని చిన్న దగ్గుకి కూడా నేను ఊపిరి బిగబట్టాను. అత్తగారు మాత్రం భయాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోలేదు. ఊరికి వెళ్లాక, ఎవరింట్లో పురుడొచ్చినా పిలవకుండా హాజరు. "నీళ్లు పొయ్యకండి, గుంటడ్ని తల్లి గుండెల మీద ఎట్టండి" అని గుమ్మంలోంచే అరుపు. చాలామంది విసుక్కున్నారు, ఒకరిద్దరు వాకిట్లోంచే పంపేశారు. ఒక ఇంట్లో ఆవిడ చెప్పినవన్నీ చేసినా పిల్లవాడు దక్కలేదు. ఆ రోజు ఇంటికొచ్చి వంట చేసుకోలేదట, పడుకోలేదట. మర్నాడు ఇంకో వీధిలో కాన్పు అని తెలిసి, శాలువా తీసుకుని వెళ్లారట. తర్వాత ఊళ్లోకి ఆశా కార్యకర్త వచ్చింది, చక్కటి చదువుకున్న పిల్ల. కొన్నాళ్లు ఇద్దరికీ పోటీ. బాలింత ఇంటికి ఎవరు ముందు చేరతారా అని. ఆపైన ఇద్దరూ కలిసే తిరిగేవారు. ఆ అమ్మాయి మృదువుగా చెప్పేది, వినకపోతే ఈవిడ అరిచేవారు.

ఆవిడ పోయి చాలాకాలమైంది. నా కూతురు విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. ఈ కథ చెప్పబోతే "ఎన్నిసార్లమ్మా" అని ఫోను పెట్టేస్తుంది, పనుంటుంది పాపం. దాని పుట్టినరోజులు ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చి వెళ్లిపోయాయో నాకు గుర్తే లేదు. ఆ సంత రోజు మధ్యాహ్నం ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య గడిచిన కాలమంత పొడుగు మాత్రం, ఈ ఏళ్లన్నీ కలిపినా రాదు.